పాకం ప్రశ్న

శీర్షిక కింద గీసే గీత వంకరపోయిన జాతి ఏదీ చరిత్రలో తలెత్తుకొని నిలబడలేదని వేంకటరమణమూర్తిగారి నిశ్చితాభిప్రాయం. రోమకులు మొదలుకొని మొగలాయీల వరకు అందరి పతనానికీ ఆయన ఈ ఒక్క కారణమే చూపగలరు. కాదనే ధైర్యమున్నవాడు మాత్రం చోడవరం కళాశాలలో ఇంకా చేరలేదు. అక్కడ ఆయన అర్థశాస్త్రం బోధించేవారు. బోధన అంటే పాత నోట్సు చదివి రాయించడం; విద్య అంటే దానిని పొల్లుపోకుండా పరీక్షలో అప్పగించడం. ఇచ్చిన సొత్తు చెక్కుచెదరకుండా తిరిగి వచ్చిందో లేదో చూసుకోవడమే మూల్యాంకనం.

ఇంతటి మహత్తర విధానానికి శాస్త్రీయమైన ఋజువొకటి ఉండాలి కనుక, ఆయన డాక్టరేటు కోసం పరిశోధన తలపెట్టారు. మార్కులు మెండుగా తెచ్చుకున్న పట్టభద్రుడినే ఉద్యోగం వరిస్తుందన్నది సిద్ధాంతం. లోకం మాత్రం ఆ సిద్ధాంతం పట్ల బొత్తిగా మర్యాద చూపలేదు. తంటాలుపడి గట్టెక్కిన బంగార్రాజు బస్సు కండక్టరై, గురువుగారికి రోజూ కిటికీ పక్క సీటు చూపిస్తున్నాడు. కళాశాలకే మొదటివాడైన గణపతిరావు, పట్టా పుచ్చుకొని ఏళ్లు గడిచినా, కె.కోటపాడు దగ్గర తండ్రి పరదేశి చెరకుతోటలోనే ఉన్నాడు.

ఆ గణపతిరావు కూడా పుట్టుకతో ఉత్తమ విద్యార్థి కాడు. మొదటి సంవత్సరం క్షీణప్రతిఫల సూత్రాన్ని వివరించమంటే, తమ చేనిలో ఎరువు ఎక్కువైన ఏడాది చెరకు ఏపుగా పెరిగి రసం పలచబడిందని రాశాడు. గురువుగారు దానిని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, పక్కన ‘సొంతపైత్యం’ అని వేసి, తరగతిలో చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఆనాటి నుంచి ఆ కుర్రవాడు నోట్సు దాటి ఒక్క మాట రాయలేదు. ఆ మార్పును మూర్తిగారు తమ అధ్యాపక జీవితానికి కిరీటంగా ధరించారు.

డెబ్బైనాలుగు చలికాలంలో ఒక బ్యాంకు నుంచి గణపతిరావుకు పిలుపు వచ్చింది. రైతులకు అప్పులిచ్చే విభాగంలో కొలువు. వయోపరిమితి దాటిపోతున్నందున అతనికి అదే ఆఖరి ఇంటర్వ్యూ. గురువుగారు ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చారు: ఏ జవాబైనా నిర్వచనంతో మొదలుకావాలి, ఇంటి మాట, చేని మాట నోట రాకూడదు, నోట్సులో లేనిదానికి తెలియదనడమే మర్యాద. చివరకు తమ పెళ్లినాటి కోటు తీసి స్వయంగా తొడిగారు. చెరకుమోపులు మోసిన భుజాలకు అది చాలలేదు. అయినా ఆయన కళ్లు చెమర్చాయి.

ఇంటర్వ్యూ అయ్యాక ఎన్నాళ్లకూ కబురు రాకపోతే ఆయనే బస్సెక్కి వెళ్లారు. చేనిగట్టున బెల్లం వండుతున్నారు. పరదేశి పొయ్యిలోకి చెరకుపిప్పి ఎగదోస్తున్నాడు. గణపతిరావు పెనంలో పాకం కలుపుతున్నాడు. ఉద్యోగం రాలేదని ముందే చెప్పేశాడు. కోటు మాత్రం మడత నలగకుండా గట్టు మీది నులకమంచం మీద ఉంది.

“మొదట ఏమడిగారు నాయనా?”

“బెల్లం పాకం దించే అదును ఎలా తెలుస్తాదని అడిగేరు మాస్టారూ.”

“నువ్వేం చెప్పేవు?”

“తెలీదని సెప్పేను.”

పరదేశి చేతిలోని పిప్పి చేతిలోనే ఉండిపోయింది. “అదేటి బాబూ, ఈడు అలగంతన్నాడు? నీళ్లలో సుక్కేసి, ఉండకట్టి సూసి, ఈడు ‘సరే’ అంతేగాని నాను పెనం దించను. సిన్న గుంటడప్పట్నించీ ఈడి సెయ్యే.”

“మరి తెలిసీ చెప్పలేదేంరా?”

“నోట్సులో నేదు కదండీ.” ఆ మాటలో నిష్ఠూరం లేదు, తరగతిలో లేచి నిలబడి పాఠం అప్పగించినట్లే ఉంది. “సేని మాట అక్కడ వద్దన్నారు. మొదటి ప్రెశ్నే నోట్సులో నేకపోయీసరికి అన్నీ మరిసిపోయేను మాస్టారూ. తరవాత అడిగినవన్నీ నోట్సులోవే. ఒక్కటీ నోటికి రానేదు.”

అంటూనే అతను పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండచేసి, తండ్రికి తల ఊపాడు. ఇద్దరూ పెనం దించారు. మొదటి బెల్లం ఆకులో పెట్టి గురువుగారి ముందుంచారు. ఆయన నోట్లో వేసుకొని, కోటు అక్కడే వదిలి బస్సెక్కారు.

ఇంటికి వచ్చి, తమ సిద్ధాంతవ్యాసం చివరి అధ్యాయంలో ఆ పెనం దగ్గర చూసినదంతా, తమ తప్పుతో సహా రాశారు. మర్నాడు చదువుకున్నారు. ఏ గ్రంథంలోనూ లేని సంగతి. చెయ్యి అలవాటు కొద్దీ ఎర్రసిరా అందుకొని, అడ్డంగా కొట్టేసింది.

తరువాతి వేసవిలో వాల్తేరులో పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు, ఆ ఇంటర్వ్యూలో కూర్చున్న ఆచార్యులొకరు పక్క బల్ల దగ్గర తటస్థపడ్డారు. ఒక పేదవాడి బతుకును పాకం ప్రశ్నతో తేల్చడం ఏం న్యాయమని మూర్తిగారు అడిగారు. ఆచార్యులవారు గుర్తుచేసుకున్నారు. కుర్రవాడు ఇరుకు కోటులో బిగుసుకుపోయి ఉంటే, ఇంట్లో తెలిసిన సంగతి చెప్పి కుదుటపడతాడని తామే అడిగామన్నారు. ఆ ప్రశ్నకు మార్కులు లేవు.