నర్సమ్మ పోయించిన పెట్రోలు

పొద్దున లేవగానే ఆయన చేసే మొదటి పని షెడ్డు తలుపు తీయడం. ముఖం కూడా కడుక్కోడు. పాత కారు పక్క సీటులో కూర్చుని, చెయ్యి అడ్డంగా చాచి, స్టీరింగు కింద వేలాడే తాళాన్ని కాస్త తిప్పుతాడు. ఇంజను మొదలయ్యేంత కాదు, మీటర్లు మేలుకునేంత. పెట్రోలు మీటరులో ముల్లు నిద్రమత్తు వదలనట్టు కదిలి, మెల్లగా పైకి లేచి, నిండు గీత దగ్గర ఆగుతుంది. ‘ఉంది’ అనుకుంటాడు. తాళం వెనక్కి తిప్పి, లోపలికి వెళ్లి టీకి నీళ్లు పెట్టుకుంటాడు.

ఆ కారును వీధిలో అందరూ నర్సమ్మ కారనే అంటారు. నిజమే, అది ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఆయన భార్యది. పెళ్లికి ముందే పాతదిగా కొనుక్కుంది. డ్యూటీకైనా, బజారుకైనా, చుట్టాలింటికైనా ఆవిడే నడిపేది. ఆయనకు లైసెన్సుంది కానీ చక్రం పట్టుకుంటే అరచేతులు చెమటలు పట్టేవి. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరయ్యాడు. “రోడ్లు గీసేది మీరు, అరిగేది నా టైర్లు” అని ఆవిడ ఆటపట్టించేది. ఆయన పక్క సీటులో కూర్చుని మలుపులు చెప్పేవాడు. తెలిసిన మలుపులే అయినా ఆవిడ చెప్పించుకునేది.

ఆపరేషనుకు ముందు రోజు సాయంత్రం ఆవిడ ఒక్కతే బంకుకు వెళ్లి ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకొచ్చింది. “తిరిగొచ్చాక బంకులో లైను కట్టే ఓపిక నాకుండదు. లేచి తిరగ్గలిగిన రోజున ఆలోచించకుండా ఎటైనా పోదాం” అంది. మర్నాడు ఆసుపత్రికి ఇద్దరూ టాక్సీలో వెళ్లారు. ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు.

ఆ పెట్రోలు కాల్చడానికి ఆయనకు మనసు రాలేదు. చీరలు చెల్లెళ్లు తీసుకెళ్లారు, పుస్తకాలు ఆసుపత్రికి ఇచ్చేశాడు. ఆవిడ తిరిగి రావాలని దాచుకున్నది మాత్రం ఆ ట్యాంకులోనే ఉంది. అది అలాగే ఉండాలి. ఆయనకు కావలసింది అంతే.

ఈ కాలం పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుందనీ, అది గాలిలో తేమను పీలుస్తుందనీ, పాత కార్ల రబ్బరునూ లోహాన్నీ తింటుందనీ ఎక్కడో చదివి బెంగ పెట్టుకున్నాడు. విడిభాగాల షాపుకు వెళ్లి, పాత కారు బొమ్మ వేసి ఉన్న మందు సీసా తెచ్చుకున్నాడు. సీసా మీద రాసిన గడువు దాటకుండా, ఆవిడకు వేళకు మాత్రలు ఇచ్చినంత శ్రద్ధగా ట్యాంకులో పోస్తూ వచ్చాడు. పోసిన ప్రతిసారీ ఆ రోజు కాస్త నిద్ర పట్టేది.

ముసురు పట్టిన ఒక ఉదయం షెడ్డు తలుపు తీయగానే వాసన గుప్పుమంది. కారు కింద నేల తడిగా ఉంది. గబగబా పక్క సీటులో కూర్చుని తాళం తిప్పాడు. ముల్లు నిండు గీత దాకా లేచింది. హమ్మయ్య అనుకుని, చుక్కలు పడే చోట స్నానాల గదిలోని టబ్బు పెట్టి, బావమరిదికి ఫోను చేశాడు.

బావమరిది అంటే ఆవిడ తమ్ముడే. ఊరి చివర పాత కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. నోట్లోంచి ఎగతాళి లేకుండా మాట రాదు.

“ఏం బావా, ముసలిది పక్క తడిపిందా?” అంటూ దిగాడు.

“నీ జోకులకేం గానీ ముందు చూడరా. కొంచెమే కారింది. ముల్లు నిండుగానే ఉంది.”

బావమరిది నవ్వు ఆగిపోయింది. “ముల్లా? ఈ వాసనలో తాళం తిప్పావా? నీకేమైనా మతి పోయిందా బావా? ఒక్క నిప్పురవ్వ చాలు, నిన్ను కూడా అక్క దగ్గరికి పంపేయడానికి.”

“పంపితే పంపనీ.”

బావమరిది షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. ఇద్దరూ కలిసి కారును వాకిట్లోకి తోశారు. వాన తెరిపిచ్చింది. అతను కింద దూరి పెట్రోలు గొట్టాన్ని వేళ్ల మధ్య నొక్కాడు. అది నానిన రొట్టెలా ఊడి చేతికొచ్చింది.

“ట్యాంకు ఖాళీ చేయాలి.”

“అది తప్ప ఏదైనా చెయ్యి.”

“అదే చేయాలి. ఇంట్లో బాంబు పెట్టుకుని కూర్చుంటావా?”

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. బావమరిది డబ్బాల్లోకి పెట్రోలు దింపాడు. అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదు. చివర్లో వచ్చినదాన్ని గాజు సీసాలోకి పట్టి వెలుతురుకు ఎత్తి చూపించాడు. పైన టీ డికాక్షను రంగు, కింద మురికి మబ్బులాంటి పొర. మధ్యలో కత్తితో కోసినట్టు గీత.

“నీళ్లెవరు పోశారు ఇందులో?” అన్నాడు ఆయన.

“ఎవరూ పోయలేదు బావా. ఇథనాల్‌కి దాహమెక్కువ. గాలిలో తేమంతా తాగుతుంది. ఇక పట్టనంత తాగాక పెట్రోలుని వదిలేసి నీళ్లతో పాటు అడుక్కి దిగిపోతుంది. అడుగున రేకు చూడు, తుప్పు తినేసింది.”

“నేను మందు పోస్తూనే ఉన్నాను కదరా. ఒక్కసారి కూడా తప్పలేదు.”

“పోశావు కాబట్టే ఇన్నాళ్లు ఆగింది.” అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆ మాట మెల్లగా అన్నాడు. “తుప్పుని కొన్నాళ్లు ఆపుతుంది. పెట్రోలుని కొన్నాళ్లు నిలబెడుతుంది. రబ్బరుని మాత్రం కాపాడలేదు. ఒకసారి ఇలా విడిపోయాక ఏ మందూ తిరిగి కలపలేదు.”

“మరేం చేసుండాల్సింది?”

“ఈ కాలం గొట్టాలు వేయించి, వారానికోసారి అలా తిప్పి, పాత పెట్రోలు కాల్చి కొత్తది పోస్తూ ఉంటే చాలు. మందు లేకపోయినా నడిచేది. కదలకుండా నిలబెట్టావు బావా. అంతే, ఇంకే తప్పూ లేదు. అయినా అన్నీ చదివి చేసేవాడివి, ఎందుకు దాచావు దీన్ని?”

ఆయన డబ్బాల వైపు చూశాడు. “అది మీ అక్క పోయించిందిరా. ఆపరేషను ముందు రోజు.”

బావమరిది చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పక్కన ఉంచిన సీసాను ఎత్తి అరుగు మీద పెట్టాడు. ఊరికే పెట్టలేదు, నిద్రపోయే పసిబిడ్డను మంచం మీద దించినట్టు పెట్టాడు.

“ఈ మాట నాకెందుకు చెప్పలేదు?”

“నవ్వుతావని.”

అతను నవ్వలేదు. ముక్కు ఎగబీల్చి, మొహం అటు తిప్పుకున్నాడు.

“ఒక్కసారి దీంతోనే స్టార్ట్ చేసి చూడరా” అన్నాడు ఆయన. “మళ్లీ అడగను. ఎలాగూ పారబోయాల్సిందేగా. ఒక్క నిమిషం తిరిగినా చాలు. పోయించింది తిరగడానికే కదా.”

ఆ మాట వేరెవరైనా అని ఉంటే బావమరిది తిట్టి పంపేవాడు. ఇంజను పాడైపోతుందని అతనికి తెలుసు. అయినా డబ్బాలను వీధి చివరిదాకా మోసి దూరంగా పెట్టి వచ్చాడు. తడిసినచోటల్లా ఇసుక చల్లి, వాసన పోయేదాకా ఆగాడు. సీసాలో పై పొరను మాత్రం ఓపికగా వేరే సీసాలోకి వంపి, గుడ్డలో వడకట్టి, కొత్త గొట్టం ముక్కతో నేరుగా కార్బురేటరుకు కలిపాడు.

“కూర్చో బావా. తిప్పు.”

ఆయన ఎప్పటిలాగే పక్క సీటులో కూర్చుని చెయ్యి చాచాడు. బావమరిది అది చూశాడు.

తాళం తిరిగింది. ఇంజను మూలిగింది, దగ్గింది. ఒక్కసారి, నిజంగా ఒకే ఒక్కసారి, అందుకున్నట్టు కారంతా వణికింది. ఆ వణుకు సీటులోంచి ఆయన వెన్నులోకి పాకింది. పక్కన ఆవిడ గేరు వేసే చోటికి ఆయన చూపు వెళ్లింది. అంతలోనే పాత రంగు మాడినట్టు కంపు కొట్టి, తెల్లటి పొగ వదిలి, ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మూలుగు. మళ్లీ తిప్పాడు. అది కూడా లేదు.

“చాలు బావా.”

ఆయన తాళాన్ని వెనక్కి తిప్పబోయి ఆగాడు. పెట్రోలు మీటరులో ముల్లు మెల్లగా లేచి నిండు గీత మీద నిలబడింది.

ట్యాంకులో చుక్క లేదు.

బావమరిది కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు. ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ ముల్లును కదిపే బెండు జిగురు పట్టి పైనే అంటుకుపోయిందని అతనికి వెంటనే అర్థమైంది. ఎన్నాళ్ల నుంచో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇంత మంచి ఎగతాళి దొరికితే వదిలే మనిషి కాడతను. కానీ తల బయటికి తీసుకుని, ఇసుక ఊడవడం మొదలుపెట్టాడు.

“ఎప్పట్నుంచిరా?” ఆయన మీటరు అద్దం మీద వేలు పెట్టాడు. “నేను రోజూ చూసింది...”

“రేపు వచ్చి విప్పుతాను బావా. ట్యాంకు, మీటరు, అన్నీ కొత్తవి వేద్దాం. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా.”

“నడపడం నా వల్ల కాదురా.” ఆయన దిగి తలుపు వేశాడు. ఆ తలుపు గట్టిగా వేస్తే గానీ పడదు. ఆయన మెల్లగా వేయడంతో సగమే పడింది. “బ్యాటరీ తీసి నువ్వు పట్టుకుపో.”

“బ్యాటరీ బాగానే ఉందిగా?”

“అందుకే. ఉంటే రేపు పొద్దున కూడా ముల్లు లేస్తుంది.”

బావమరిది స్పానరు తీసుకుని, ఇంజను పక్కన వంగి, తీగలు విప్పాడు. బ్యాటరీని రెండు చేతులా ఎత్తి తన బండిలో పెట్టుకున్నాడు. వెళ్లే ముందు సగం పడిన తలుపును భుజంతో నొక్కి సరిగ్గా వేశాడు.