పెయింటర్ తెప్పిస్తానన్న పాసులు

పెయింటర్ ఫోన్‌లో నోరు జారాడు.

"అడవి సందర్శక కేంద్రం అంటే అందర్నీ రానివ్వర్రా. లోపల నాకు తెలిసినవాళ్లున్నారు. పాసుల సంగతి నేను చూసుకుంటా."

"అబ్బో," అన్నాడు అవతల బావమరిది. వాడు బ్యాంకు ఆఫీసరు. వాడి నోట ఆ ఒక్క ముక్క కోసం పెయింటర్ పెళ్లయినప్పటి నుంచీ మొహం వాచి ఉన్నాడు.

చిక్కల్లా ఒకటే. ఆ కేంద్రం గేటు మీద 'అందరికీ ప్రవేశం ఉచితం' అని మూరెడు అక్షరాలతో రాసింది తనే.

వెనక గేటు గుండా తీసుకెళ్దామంటే భార్య ఒప్పుకోలేదు. "ముందు మీ బోర్డు కింద ఫొటో దిగాలండి. మీ చేతిపని ఎలాంటిదో మా తమ్ముడు చూడాలి."

ఆదివారం పొద్దున్నే, పాసుల కోసం ముందు వెళ్తున్నానని చెప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. సంచిలో నీళ్లు తగిలితే పోయే తెల్లరంగు ఉంది. వాళ్లు వెళ్లాక తడిగుడ్డతో తుడిచేస్తే సరి.

బోర్డుకి మెరుగులు దిద్దాలనేసరికి గేటు దగ్గరి వాచ్‌మన్ నిచ్చెన తెచ్చిచ్చాడు. "సెలవురోజు కూడానా? పనంటే ఎంత ప్రాణమయ్యా నీకు."

పెయింటర్ తల తిప్పుకున్నాడు. కుంచె నాలుగుసార్లు ఆడేసరికి ప్రవేశం ఉచితమన్న వరుస మాయమైంది. రంగు ఆరింది. గేటు తెరిచి వాచ్‌మన్ టీకి వెళ్లాడు.

అప్పుడే ఫ్యాక్టరీ యూనిఫాం చీరలో ఒకామె ఇద్దరు ఆడపిల్లలతో వచ్చి, బోర్డు చూసి ఆగింది.

"అన్నా, టికెట్ ఎంత?"

నిచ్చెన మీదున్న పెయింటర్ నోరు తెరిచాడు. జేబులో ఫోన్ మోగింది. "మలుపు దగ్గరున్నాం బావా." నోరు మూసుకున్నాడు.

"ఊరికే రానిస్తారన్నావుగా అమ్మా," అంది చిన్నది.

"ఎవరో అంటే నమ్మాను. నాదే బుద్ధి తక్కువ. లోపల మాత్రం ఏముంటాయే, చెట్లే కదా." ఆమె పిల్లల చేతులు పట్టుకుని వెనక్కి తిరిగింది. చిన్నది మెడ తిప్పి గేటు వైపే చూస్తూ నడుస్తోంది.

పెయింటర్ నిచ్చెన మీంచి వంగాడు.

"అమ్మా, ఆగండి. డబ్బులక్కర్లేదు." గుడ్డ కోసం దిగే ఓపిక లేదు. నిచ్చెన మెట్టు మీదున్న సీసాలో నీళ్లు చొక్కా చేతి మీద పోసుకుని బోర్డు రుద్దాడు. తెల్లరంగు కారింది. కింద నుంచి ఒక్కొక్క అక్షరమే తేలింది.

వెనక కారు ఆగింది. భార్యా, బావమరిదీ దిగారు. బావమరిది బోర్డు పైకే చదివాడు.

"మరి పాసులేవి బావా?"

"లేవురా. ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు."

బావమరిది నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ ఆడపిల్లలిద్దరూ నిచ్చెన పక్కనుంచి లోపలికి పరిగెత్తారు.

అక్షరాలన్నీ తేటగా కనిపిస్తున్నా పెయింటర్ ఇంకా రుద్దుతూనే ఉన్నాడు. దిగితే భార్య మొహం చూడాలి.

ఆమె వచ్చి నిచ్చెన పట్టుకుంది. తల మాత్రం ఎత్తలేదు.

"దిగండి," అంది. "ఫొటో వద్దులెండి."