వెనక లంగరు

బర్నబా నేవీలో ఉన్నప్పుడు ఓడను తీసుకెళ్లి కాకినాడ ఇసకలోకి ఎక్కించేశాడట, అందుకే నలభై నిండగానే పింఛనిచ్చి ఇంటికి పంపేశారట. అరకు సంతలో ఎవరో అంటే విన్నానని పక్కింటి ఆనందమ్మ చెప్పిందట. కాఫీ గింజలు ఆరబోస్తూ కృపావతి ఆ మాటను మొగుడికి చేరవేసింది.

బర్నబాకు కోపం రాలేదు. ఓడను ఇసక మీదికి ఎక్కించడమే తన కొలువంటే ఈ కొండల్లో ఎవరు నమ్ముతారు? కానీ ఇప్పుడు నమ్మించాల్సిన అవసరం పడింది. వచ్చే ఆదివారం విశాఖలో ఆ ఓడకు వీడ్కోలు. ఆ తరవాత విరగ్గొట్టేస్తారు. ఇరవై ఏళ్ల కొలువులో ఒక్కసారీ ఓడ ముఖం చూడని పెళ్లాన్ని ఈసారైనా వెంట తీసుకెళ్లాలని అతని ఆశ. కృపావతి ఇంకా ఔననలేదు, కాదనలేదు.

అంతలో చేట పట్టుకుని ఆనందమ్మే వచ్చింది. బర్నబా ఆ చేట లాక్కున్నాడు. టార్పాలిను సముద్రమన్నాడు, గింజల కుప్ప శత్రువు ఒడ్డన్నాడు, ముందు వైపు తెరిచున్న చేట తన ఓడ. కొడవలికి తాడు కట్టి వెనక జారవిడిచాడు, అదే లంగరు. పెద్ద ఓడలు దూరం నుంచి ఫిరంగి గుండ్లు కురిపించి దారి చేస్తాయట. ఒడ్డు ఇంకా అల్లంత దూరముండగానే వెనక లంగరేసి, తాడు వదులుకుంటూ పోయి తాము ఇసకెక్కుతారట, అంటూ చేటను కుప్పలోకి దూర్చాడు. ముందు తలుపు పడగానే ట్యాంకులూ, జవాన్లూ దిగిపోతారు. అప్పుడు ఆ తాడునే చుట్టుకుంటూ ఓడ నీళ్లలోకి జరుగుతుంది. తాడు చుట్టే యంత్రం దగ్గర తనే ఉండేవాడు. ఆ గ్రీజు వాసన, బిగిసిన తాడు చేసే మూలుగు, దారంతా వాంతులు చేసుకుని ఒడ్డు చూడగానే పులులైపోయే జవాన్ల వీపులు... చెబుతుంటే అతని అరచేతులు వాటంతటవే బిగుసుకున్నాయి.

“మరి నువ్వు దిగేవోడివి కాదా అన్నా?” అంది ఆనందమ్మ.

“మేం దిగం. దించేసి ఎనక్కొచ్చేయడమే మా పని,” అన్నాడు బర్నబా గర్వంగా. చేట తిరిగిచ్చేసి పెళ్లాం వైపు తిరిగాడు. “ఏటంటావు? ఆదివారం వస్తావా?”

కృపావతి కుప్పలో పడ్డ చేట గాడిని అరచేత్తో చదును చేసింది.

“నాకు తెలీని ఓడేటి? ఇరవై ఏళ్లు ఈ గుమ్మంలోకీ అలాగే వచ్చినావు. పెట్టె దించేవు, ఎనక్కెల్లిపోయేవు.”