అర మిల్లీమీటరు

పుస్తకాలకు బైండింగ్ చేసే అక్కకు వంకర అంచు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నలభై ఏళ్ల అలవాటు మరి! తమ్ముడు ఏళ్ల తరబడి కవరులో దాచిన ఒక ఆటగాడి బొమ్మ ఉన్న పాత కార్డును, అలాంటివి పోగుచేసేవాళ్లకు అమ్ముతానన్నాడు. అతను స్నానానికి వెళ్లిన సందు చూసి ఆమె దాన్ని బయటికి తీసి, చివికిన అంచులను కట్టింగ్ మిషన్ మీద వెంట్రుకవాసి కోసేసి, మళ్లీ కవరులో పెట్టేసింది. మంచి ధర పలికాక చెబుదామని నోరు మెదపలేదు.

ఇప్పుడు కార్డుల వ్యాపారి దాన్ని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు. స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచాడు.

"అర మిల్లీమీటరు తక్కువుందండీ. ఎవరో అంచులు కోశారు. దీనికి పదో వంతు కూడా రాదు."

"అదేం చోద్యం? శుభ్రంగానే ఉందిగా!" అంది అక్క.

"అదేనమ్మా దీని రోగం. నలిగినా కొంటారు, కోస్తే కొనరు."

తమ్ముడి మొహం కందగడ్డయింది. "ఆ గుండుగాడి పనే! వాళ్లు ఊరు మారేటప్పుడు వాళ్ల తాత పెట్టెలోంచి తీసిచ్చాడు. గుర్తుగా ఉంచుకోరా అంటూ ఎంత నాటకమాడాడు!" అంటూ ఫోన్ తీసి, చిన్ననాటి ఆ ప్రాణస్నేహితుడి నంబరు నొక్కాడు.

అక్క ఫోన్ వైపు చూసింది. గుండుగాడు ఎక్కడో దూరాన ఉన్నాడు. నాలుగు తిట్లు తింటాడు, అంతేగా? తమ్ముడితో మాత్రం రోజూ మొహం మొహం చూసుకోవాలి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ గుండుగాడు చిన్నప్పుడు తన చేతి ముద్దలు తిన్న పిల్లాడు. ఆమె సిగ్గుపడి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"వాణ్ణేమీ అనకురా! కోసింది నేను. నిన్న పొద్దున. బాగుంటుందనుకున్నా."

అప్పటికే ఫోన్‌లో అవతలి గొంతు గట్టిగా వినిపిస్తోంది. "ఏరా! ఇన్నేళ్లకి గుర్తొచ్చానా?"

తమ్ముడు అక్కను మింగేసేలా చూశాడు. వ్యాపారి తల దించుకుని భూతద్దం తుడుచుకున్నాడు.

"ఏం లేదురా, ఊరికే చేశా," అన్నాడు తమ్ముడు చివరికి. "ఇదిగో, అక్క మాట్లాడుతుందట." ఫోన్ ఆమె చేతిలో పెట్టి మెల్లగా అన్నాడు, "నీ నిర్వాకం నువ్వే చెప్పుకో."

ఆమె ఫోన్ చెవిదగ్గర పెట్టుకుంది.

"అక్కా! బాగున్నావా అక్కా?" అన్నాడు గుండుగాడు.

ఆ మాటకు అక్క ఏడ్చేసింది.