గేటు కింద రాయి

ఆ గేటంటే నాకు మొదటి రోజు నుంచే పడదు.

వికారాబాద్ దగ్గర రెండెకరాలు కొని మా ఆయన బాల్‌రాజ్ ఫామ్‌హౌస్ కట్టించాడు. అందులో స్విమ్మింగ్ పూల్ కూడా. తాండూరులో రాళ్ళ పాలిష్ యూనిట్ నడిపే మనిషికి పూల్ ఎందుకని అడిగితే, ఇప్పుడు అందరికీ ఉంటున్నాయి అన్నాడు. ఆయనకు ఈత రాదు. నాకు మోకాలి లోతు నీళ్ళంటేనే భయం.

మా అల్లుడు సందీప్ మాత్రం పూల్‌లో నీళ్ళు నింపకముందే చుట్టూ ఇనుప జాలి కంచె వేయించాడు. దానికి ఒకటే గేటు, గేటుకు స్ప్రింగు. తెరిచి వదిలితే దానంతట అదే మూసుకుంటుంది. గడియ పిల్లలకు అందనంత ఎత్తులో ఉంటుంది. కంచె లోపల, పూల్ పక్కన రేకుల షెడ్డు. వచ్చిన వాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. వంటిల్లేమో బయట ఇంట్లో. రెండు చేతులా ట్రేలు పట్టుకొని నేను లోపలికి అడుగు పెడితే, గేటు వెనకాలే వచ్చి మడమకు కొట్టేది. మగవాళ్ళు పెట్టించే గేట్లు ఇట్లాగే ఉంటాయి. చాయ్ మోసేది వాళ్ళు కాదు కదా.

మేం తాండూరు మనుషులం. మా దగ్గర ఏది కదలకుండా ఉండాలన్నా కింద రాతి ముక్క పెడతాం. తలుపుకు, బండి టైరుకు, ఊగే టేబులుకు అన్నిటికీ అదే మందు. పాలిష్ యూనిట్ల బయట ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలినవి ఇక్కడ కూడా గోడ వారగా ఉన్నాయి. ఆ ఆదివారం పొద్దున్నే ఒక నీలం రాతి ముక్క తెచ్చి గేటు కింద పెట్టాను. గేటు బుద్ధిగా తెరుచుకొని నిలబడింది.

ఆ రోజు మా మనవరాలు మిన్ను మూడో పుట్టినరోజు. చుట్టాలు వాళ్ళ పిల్లలతో వచ్చారు, అందరిలోకీ చిన్నది మిన్నే. నా సంతోషానికి కారణం పుట్టినరోజు ఒక్కటే కాదు. జూన్‌లో మా బిడ్డ రుచిత హైదరాబాద్‌లో మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది. మిన్ను తాండూరులో నా దగ్గర ఉండాలని మాట అయింది. దాని కోసం నేను ఏడాదిగా పోరాడాను. వియ్యపురాలితో రెండు సార్లు మాటా మాటా అనుకున్నాం. మాట ఖాయం కాగానే చిన్న మంచం కొని నా మంచం పక్కన వేసుకున్నాను.

తోట చూసుకునే ఉస్మాన్ రాయిని చూశాడు. ఇరవై ఏళ్ళు మా యూనిట్‌లో పాలిష్ మిషన్ మీద పని చేసి, దుమ్ముకు దగ్గు పట్టుకుంటే ఇక్కడికి మారిన మనిషి. వంగి రాయి తీసి పక్కన పెట్టాడు. గేటు మూసుకుంది. నేను మిర్చి బజ్జీల ట్రేతో వచ్చి, కాలితో గేటు నెట్టి, మళ్ళీ అదే రాయి పెట్టాను. ఉస్మాన్ మళ్ళీ తీశాడు. నాకు కోపం వచ్చింది.

"ఏం ఉస్మాన్, నాతోని ఆటలాడుతున్నవా?"

"కాదమ్మా. గీ గేటు మూసే ఉండాలె అని సందీప్ సారు చెప్పిండు. చిన్నపిల్ల తిరుగుతున్నది."

"పదహారు మందిమి ఉన్నం. ఒక్క పిల్లను సూసుకోలేమా?"

"పదహారు మందిల సూసేటోళ్ళు ఎవరో జర చెప్పుండ్రి అమ్మా. గా ఒక్కరు ఎవరో తెలిస్తె నాకు ఫికర్ లేదు."

నలుగురి ముందు నన్ను నిలదీసినట్టు అనిపించింది. "నేనే సూస్తున్న. నీ పని నువ్వు సూస్కో పో," అన్నాను. రాయి తీసుకొని నా చేత్తోనే మళ్ళీ పెట్టాను.

అతను మళ్ళీ రాయి జోలికి పోలేదు. నీళ్ళలో తేలుతున్న ఎర్ర బంతిని చూపించి, "బొమ్మలన్న తీపియ్యుండ్రి అమ్మా. పిల్లలు బొమ్మ కోసం పోతరు," అని మోటారు షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. సరే అన్నాను. తీయించలేదు.

పన్నెండు దాటాక ఎండ ముదిరి అందరం ఇంట్లోకి వచ్చేశాం. మిన్నును నేనే చంకనెత్తుకొని తెచ్చాను. అంతవరకు నేను చూసుకున్న మాట నిజం. కేకు కోశాం, ఫోటోలు దిగాం. మిన్ను పసుపు గౌను నిండా క్రీము పూసుకుంది. రుచిత ఒళ్ళో కూర్చోబెట్టి, బగారన్నం వడ్డించడానికి వంటింట్లోకి పోయాను. నేను పోయానని చూసి మిన్ను ఒళ్ళోంచి దిగిందట. అమ్మమ్మ దగ్గరికి పోయిందిలే అని రుచిత అనుకుంది. తల్లి దగ్గర ఉందిలే అని నేను అనుకున్నాను. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉందిలే అని మిగతా వాళ్ళు తింటున్నారు.

రుచిత ప్లేటు పట్టుకొని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, మిన్ను ఏది?"

"నీ దగ్గర లేదా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఇల్లంతా లేచింది. మంచాల కింద చూశారు. బాత్రూంలో చూశారు. సందీప్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. బాల్‌రాజ్ ఒక్కో కారు తలుపూ తీసి చూస్తున్నాడు. నేను జామచెట్ల వైపు పోయి మిన్నూ, మిన్నూ అని పిలుస్తున్నాను. ఎక్కడ చూడాలో నాకు తెలుసు. అది నా మనసుకు ఎప్పుడో తట్టింది. కాళ్ళు మాత్రం అటు పోలేదు. అటు చూస్తే నిజమైపోతుందని భయం.

పిలుపులు విని ఉస్మాన్ మోటారు షెడ్డు నుంచి వచ్చాడు. ఏమైందని ఎవరినీ అడగలేదు. సూటిగా పూల్ వైపు పరుగెత్తాడు. తెరిచి ఉన్న గేటులోంచి పోయి బట్టలతోనే నీళ్ళలోకి దూకాడు.

ఎర్ర బంతి గట్టు దగ్గర ఆడుతోంది. దానికి జానెడు దూరంలో నీటి లోపల పసుపు గౌను.

ఎత్తుకొచ్చి గట్టు మీద పెట్టేసరికి మిన్ను పెదాలు నల్లబడ్డాయి. కదలిక లేదు. బాల్‌రాజ్ వచ్చి రెండు కాళ్ళు పట్టుకొని తలకిందులుగా లేపబోయాడు. నీళ్ళు కక్కించాలని అందరూ అదే చెప్తున్నారు, అందులో నేనూ ఉన్నాను. ఉస్మాన్ బిడ్డ సిద్రా నర్సింగు చదువుతోంది, సెలవని తండ్రి దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ మా ఆయన ముందు తలెత్తి మాట్లాడని పిల్ల, ఆయన చేతిని పక్కకు తోసేసింది.

"వదులుండ్రి సేఠ్. కింద పండవెట్టుండ్రి. జరగుండ్రి అందరు."

మోకాళ్ళ మీద కూర్చుని, తల కొద్దిగా వెనక్కి వంచి, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఛాతీ మీద అరచేయి పెట్టి నొక్కింది. మళ్ళీ ఊదింది. సందీప్ 108కి ఫోన్‌లో దారి చెప్తూ చెప్తూ ఏడుస్తున్నాడు. రుచిత ఏడవడం లేదు, సిద్రా చేతులనే చూస్తోంది. నేను ఒక తువాలు పట్టుకొని నిలబడ్డాను. ఎంతసేపు అయిందో నాకు తెలియదు. దేవుడా, నన్ను తీసుకుపో అని అనుకుంటూనే ఉన్నాను. అంతకంటే పనికొచ్చేది నా దగ్గర ఏమీ లేదు.

మిన్ను దగ్గింది. నీళ్ళు, కేకు అన్నీ కక్కింది. తర్వాత ఏడ్చింది. పిల్ల ఏడుపు వినాలని నేను జీవితంలో అంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

వికారాబాద్‌లో ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణానికి భయం లేదని, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయి ఉంటాయి కాబట్టి రేపటి దాకా కనిపెట్టి చూడాలని డాక్టరు చెప్పింది. ఆ మాట వినగానే బాల్‌రాజ్‌కు భయం దిగి కోపం ఎక్కింది. వరండాలో ఉస్మాన్ నిలబడి ఉన్నాడు. తడి బట్టలు ఒంటి మీదే ఆరుతున్నాయి. ఆగకుండా దగ్గుతున్నాడు.

"గేటు ఎవడు తెరిచి పెట్టిండు?" అన్నాడు బాల్‌రాజ్.

ఉస్మాన్ నేల చూశాడు.

"నిన్నే అడుగుతున్న. గేటు సూసుకునుడు నీ పని గాదా? నా మనవరాలు పోతుండె ఇయ్యాల. రేపటి సంది తోటకు రాకు."

"అబ్బా, చెప్పు," అంది సిద్రా తండ్రితో. ఉస్మాన్ వద్దన్నట్టు చేయి ఎత్తాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే నాకు కోపం వచ్చేదేమో, కొంచెం సులువయ్యేది.

నేను బెంచీ మీద కూర్చున్నాను. నోరు మూసుకుంటే చాలు. ఆ తండ్రీబిడ్డలు చెప్పరు. జూన్‌లో మిన్ను నా దగ్గరికి వస్తుంది. నా మంచం పక్కన ఆ చిన్న మంచం మీద పడుకుంటుంది. చెప్పానా, ఏ తల్లీ నాకు పిల్లను అప్పజెప్పదు. ఇంత లెక్కా వేసుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఉస్మాన్ మళ్ళీ దగ్గాడు.

"రాయి నేనే పెట్టిన," అన్నాను.

బాల్‌రాజ్ నా వైపు తిరిగాడు.

"గేటు మూసుకోకుండ రాయి నేనే పెట్టిన. ఉస్మాన్ రెండుసార్లు తీసిండు. తిట్టి మళ్ళ పెట్టిన. బంతి తీపియ్యమంటె తీపియ్యలే. పాపను ఎవరు సూస్తున్నరు అని అడిగితె, నేనే అని చెప్పిన."

ఆయన గోడకు ఆనుకున్నాడు. ఉస్మాన్ గొంతు సవరించుకున్నాడు.

"సేఠ్, నేను తోటకు పోయొస్త. రాయి ఇంక ఆడ్నే ఉన్నది. మిగతా పిల్లలు ఆడ్నే ఉన్నరు."

అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. సిద్రా అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది.

వార్డు తలుపు దగ్గర రుచిత ఉందని నేను చూడలేదు. మిన్నును భుజాన వేసుకొని ఎంతసేపటి నుంచి నిలబడిందో. కేకలు వేస్తుందనుకున్నాను. వేసి ఉంటే బాగుండేది.

"అమ్మా, చిన్న మంచం కొన్నవు గదా," అంది మెల్లగా. "ఎవరికన్న ఇచ్చెయ్."

సరే అన్నాను.

నా గొంతు విని మిన్ను తల తిప్పింది. అమ్మమ్మా అంటూ రెండు చేతులూ నా వైపు చాపింది. అలవాటు కొద్దీ లేచి నేనూ చేతులు చాపాను. రుచిత పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది. నేను చేతులు దించుకొని బెంచీ మీద కూర్చున్నాను.