జానెడు కాళ్ల కుర్చీ

నేనొక కుర్చీని. ఆ మాట చెబితే నవ్వుతారు, నా కాళ్లు జానెడే కనుక. పుట్టినప్పుడు అందరిలాగే పొడుగ్గా ఉన్నాను. పెద్ద యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, పారిస్‌లో ఒక ఇరుకు సందులో, గార్నియే అనే ఆయన పల్చని చెక్క పొరలు జిగురుతో అంటించి, వంచి నన్ను తయారుచేశాడు. పక్కన రెండు కొయ్య చేతులు కూడా పెట్టాడు.

ఆయనకు ఒకటే సందేహం. నేలకు దగ్గరైన కొద్దీ మనిషికి హాయి కదా, మరి కుర్చీని ఎంతవరకు పొట్టి చేయవచ్చు? వారానికోసారి నా కాళ్లు వేలెడు కోసి, దారిన పోయేవాళ్లను పిలిచి కూర్చోబెట్టేవాడు. చివరికి వాళ్ల మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"ఇది మీ కుక్కకా అయ్యా?" అని రొట్టెల కొట్టావిడ అడిగింది. ఆయన నొచ్చుకోలేదు. ఆవిడ మోకాలి ఎత్తు కొలుచుకున్నాడు.

ఇలాంటి వింత ప్రయత్నాలతో ఆయన కార్ఖానా మూతపడే స్థితికి వచ్చింది. కుర్చీలు చేసే ఒక ఫ్యాక్టరీ యజమాని శుక్రవారం వచ్చి నన్ను చూస్తానన్నాడు. నాలాంటివి తన ఫ్యాక్టరీలో చేయించడానికి ఆయన ఒప్పుకుంటేనే కార్ఖానా నిలుస్తుంది.

గురువారం మధ్యాహ్నం జిగురు డబ్బా ఒలికి నేలంతా పాడైంది. అక్కడ పనిచేసే అప్పలస్వామిది యానాం. అప్పట్లో ఆ ఊరు ఫ్రెంచివారిది. రోజూ నేల మీదే కూర్చుని తినేవాడు. ఆ రోజు చోటు లేక, కాళ్లు కడుక్కుని వచ్చి, నన్ను తాకి కళ్లకద్దుకుని, నా మీద బాసింపట్టు వేసుకున్నాడు.

కేరేజీ తెచ్చిన భార్య బంగారమ్మ గతుక్కుమంది.

"ఓరి దేవుడో! దొరగారి కుర్చీ ఎక్కేసేవేటయ్యా? రేపు ఆ షావుకారు చూసేది దీన్నే కదా!"

"దండం ఎట్టుకునే ఎక్కేనే. ముందు పప్పు వొడ్డించు."

"పప్పేటి, ఉజ్జోగం ఊడొచ్చి ఒళ్లో పడద్ది!"

గార్నియే గుమ్మంలోనే ఆగిపోయాడు. "కదలకు అప్పలస్వామీ! నొప్పిగా ఉందా?"

"హాయిగా ఉంది దొరా. ఈ కొయ్య చేతులే మోకాళ్లకి అడ్డొస్తన్నాయి."

ఆయన రంపం తెచ్చి, తింటున్న మనిషి పక్కనే నా చేతులు రెండూ కోసేశాడు. పప్పులో రంపపు పొట్టు పడిందని బంగారమ్మ గొణిగింది. నన్ను చేసినవాడికి నేనెందుకో ఆ పూటే తెలిసింది. భగవంతుడు కూడా మనుషులను చేసి, వాళ్లు ఏమవుతారోనని ఇలాగే గుమ్మంలో నిలబడి చూస్తుంటాడా? ఏమో.

శుక్రవారం ఆ యజమాని బూట్లు విప్పడానికే మొహమాటపడ్డాడు, మేజోడుకు చిల్లు ఉంది. ఎలాగో కాళ్లు మడిచాడు గాని, విప్పుకోలేకపోయాడు. ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది.

"బూట్లు విప్పి కూర్చునే దేశం కాదిది," అని వెళ్లిపోయాడు.

కార్ఖానాకు నెల గడువే మిగిలింది. గార్నియే కొత్త కుర్చీ ఏదీ మొదలుపెట్టలేదు. రోజూ అప్పలస్వామిని నా మీద కూర్చోబెట్టి, వీపు ఎలా నిలుస్తుందో, పాదం ఎక్కడ ఆనుతుందో అడుగుతూ బొమ్మలు గీసుకున్నాడు. తాళం వేసే రోజున కూడా ఆ ముఖంలో దిగులు కనిపించలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దం వెనుక ఉన్నాను. పక్కనే ఆ బొమ్మల్లో ఒకటి పెట్టారు. దాని అడుగున ఆయన చేతిరాత ఉంది: "ఇరవై ఏళ్లు మనుషుల కాళ్లు కొలిచాను. ఎలా కూర్చుంటారని ఒక్కరినీ అడగలేదు."