మూడు వేళ్ళు పట్టని నోరు

రామ్‌కుమార్ అన్నం తాగుతున్నాడు. తినడం కాదు, తాగడమే. కోయంబత్తూరు పక్కన సూలూరు దగ్గరి మా నూలు మిల్లు క్యాంటీన్‌లో అందరూ ముద్దలు కలుపుకుంటుంటే, పంతొమ్మిదేళ్ళ నా తమ్ముడు అన్నాన్ని చారులో మెత్తగా పిసికి, గ్లాసులో పోసుకుని, పెదాల సందులోంచి పీల్చుకుంటున్నాడు. వాడి నోరు తెరుచుకోక చాలా రోజులైంది.

"ఏమిరా, కొత్త పెండ్లికూతురు మాదిరి మూతి ముడుచుకుంటుండావు?" అన్నాడు మేస్త్రి తిరువేంగడం.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన మేస్త్రి మాత్రమే కాదు, మా అందరికీ వరసకు మామ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మా కడబంతికి ఈ మామ ఏం వడ్డించాడో వినండి.

దక్షిణాన తెలుగు మాట్లాడే నల్లరేగడి ఊళ్ళ నుంచి మమ్మల్ని ఈ మిల్లుకు తెచ్చింది ఆయనే. మా అరుగుల మీద కూర్చుని, మన భాష, మన మనుషులు, మిల్లు సొంతదారు ముదలాళి కూడా మనవాడే అని చెప్పి అమ్మానాన్నల చేతుల్లో తాంబూలం పెట్టాడు. తాంబూలం పుచ్చుకున్నాక మాట తప్పడం మా ఇళ్ళలో లేదు. హాస్టల్లో పెట్టి తాళం వేస్తారనీ, ఒప్పందం ముగిసేదాకా గేటు దాటనివ్వరనీ ఆయన అప్పుడు చెప్పలేదు.

రాత్రి షిఫ్టు మొదలయ్యే ముందు మామ షెడ్డు వాకిట్లో ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడతాడు. అందులో తమలపాకులుండవు. వక్కపొడీ పొగాకూ కలిపిన పొట్లాలుంటాయి. అమ్మకూడదని సర్కారు నిషేధించిన సరుకది. "బుగ్గన పెట్టుకో, నిద్ర రాదు" అంటాడు. పెద్దవాళ్ళు చేయి చాచి ఇచ్చింది వద్దనకూడదని మమ్మల్ని పెంచారు. ఆ మర్యాదను పట్టుకుని ముదలాళి రాత్రంతా మరలు తిప్పుకుంటున్నాడు. బుగ్గ లోపల తెల్లమచ్చ కనబడితే, దూది అంటుకుందనుకుని మేం ఉప్పునీళ్ళు పుక్కిలించేవాళ్ళం.

ఆదివారం మమ్మల్ని వార్డెన్ కాపలాతో సంతకు నడిపిస్తారు. అక్కడ ఒక ఆదివారం నీలం గొడుగు కింద ఒకమ్మాయి టార్చి వేసి నోళ్ళు చూస్తోంది. పేరు కృత్తిక, పోదనూరు రైల్వే కాలనీ పిల్ల. డాక్టర్ల మొహం చూడని మాలాంటి కుర్రకారును వెతుక్కుంటూ, నోటి కాన్సర్ రాకముందే ఆపాలని ఊరూరా తిరుగుతోంది. మా మాటలు విని తెలుగులోనే పిలిచింది.

"మూడు వేళ్ళు చేర్చి, నిలువుగా నోట్లో పెట్టండి చూద్దాం."

నవ్వుతూ పెట్టుకున్నాం. నాకు మూడూ పట్టాయి. మాతో మరల దగ్గర పనిచేసే షణ్ముగప్రియకు రెండే పట్టాయి. రామ్‌కుమార్‌కు ఒక్క వేలు కూడా సరిగా పట్టలేదు. అంతటితో మా నవ్వులు ఆగిపోయాయి. బుగ్గలో దూది అంటుకుందని వాడు చెప్పాడు.

"అది దూది కాదు తమ్ముడూ," అంది కృత్తిక టార్చి ఆర్పి. "ఈ పొట్లం ఈ దినమే ఆపాల. కోయంబత్తూరు పెద్దాసుపత్రికి వస్తే బుగ్గలోంచి చిన్న ముక్క తీసి చూస్తారు. మొదట్లో పట్టుకుంటే కాపాడుకోవచ్చు. ఎప్పుడొస్తావు?"

వాడు వార్డెన్ వైపు చూశాడు. జైల్లో ఉన్నవాణ్ణి తిరునాళ్ళకు ఎప్పుడొస్తావని అడిగినట్టుంది.

మర్నాడు కృత్తిక మిల్లుకే వచ్చింది. మామ గేటు దగ్గరే ఆపేశాడు. "కాన్సరని పేరు పడితే ఈ ఆడబిడ్డలకు పెండ్లి అవునా? మనోళ్ళ మానం పోతాది. పో తల్లీ." రామ్‌కుమార్‌కు లీవు అడిగితే, చేతిలో ఉన్న నూలు ఆర్డరు పూర్తయ్యేదాకా ఓర్చుకోమన్నాడు.

ఆ సాయంత్రం బట్టలుతికే బండల దగ్గర మాలో మాకే తగువు పడింది.

"మామ మనోడప్పా," అన్నాడు మా షిఫ్టులోని చిన్నప్పన్. "ఎదురు నిలిస్తే ఊర్లో అమ్మానాయనకు తలవంపు."

"మనోడా?" అంది షణ్ముగప్రియ. "ఆయన కొడుకు కాలేజీలో చదువుతుండాడు కదా. పరీచ్చకు మేలుకోవాలంటే వానికి ఈ పొట్లం ఇస్తాడా?"

చిన్నప్పన్ బుగ్గలోది తుపుక్కున ఉమ్మేశాడు.

"సరి, ఏం చేద్దాం? గేటు ఇనుముది," అన్నాడు.

"ఇనుముదే. సందులుండాయి కదా," అంది షణ్ముగప్రియ.

క్యాంటీన్‌కు కూరగాయలు తెచ్చే కృష్ణమ్మాళ్ పెద్దమ్మ కృత్తికకు మా కబురు మోసింది.

మర్నాటి మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ షెడ్డు వదిలి గేటు దగ్గరికి నడిచాం. అవతల కృత్తిక టార్చితో నిలబడింది. ఇవతల మేం వరసగా వచ్చి కమ్మీల మధ్య నోళ్ళు తెరిచాం. మిల్లు కూత వేసింది. ఎవరూ కదల్లేదు.

మామ పళ్ళెంతో పరుగెత్తుకొచ్చాడు. "తీసుకోండి, పదండి లోపలికి. మనలో మనకేమి తగువు?"

చిన్నప్పన్ జేబులోంచి పొట్లం తీసి ఆ పళ్ళెంలోనే పెట్టాడు. "తాంబూలం తిరిగి ఇస్తుండాం మామా. ఇంక మాట లేదు."

వెనకాలే అందరం పెట్టాం. పళ్ళెం నిండి పొట్లాలు నేలన పడ్డాయి. మామ వాటిని ఏరలేదు. పక్కకు వెళ్ళి ముదలాళితో ఫోన్లో మాట్లాడి, గొంతు తగ్గించుకుని వచ్చాడు.

"రామ్‌కుమార్ ఒక్కడు పోనీ. మిగిలినోళ్ళు పనికి పదండి."

గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. వాడు మా అందరి వైపూ చూస్తూ నిలబడిపోయాడు.

"పోరా," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. వాడు వంగి అవతలికి దాటాడు. కృత్తిక వాడి చేయి పట్టుకుంది. ఆసుపత్రిలో తీసే ఆ ముక్కలో ఏం తేలుతుందో మాకెవరికీ తెలియదు.

మామ తలుపు మూయబోయాడు. షణ్ముగప్రియ కాలు అడ్డం పెట్టింది.

"తియ్యి పాపా, నలుగుతాది."

"నలగనీ మామా. నాకు రెండు వేళ్ళే పడతాయి. నా వెనకాల ఎంతమందికి ఎన్ని పడతాయో ఆ యక్క చూడాల."

ఆమె కాలి పక్కన నా కాలు పెట్టాను. నా పక్కన చిన్నప్పన్ పెట్టాడు. మిల్లు మళ్ళీ కూత వేసింది. షెడ్డులో మరలు ఆగే ఉన్నాయి.